గాదెలో గింజలెన్ని? బాటరీలో ఛార్జి ఎంత?

వానాకాలపు రాత్రి. ఊళ్లో కరెంటు పోయింది. నాయనమ్మకు ఆయాసం ఎక్కువయింది. పదో తరగతి చదివే మనుమడు సెల్‌ఫోను తీశాడు. తెర మీద 18 శాతం అని ఉంది. “ఫరవాలేదు, ఇంకా ఛార్జి ఉంది” అనుకుని 108కి ఫోను చేశాడు. అవతలివారు పలికారు. ఊరి పేరు చెప్పాడు. వీధి పేరు చెప్పబోతుండగా తెర నల్లబడిపోయింది. ఎంత నొక్కినా ఫోను వెలగలేదు. పరుగున పక్కింటికి పోయి, వారి ఫోను అడిగి తెచ్చాడు కనుక సరిపోయింది.

ఇది మీకోసం కల్పించి చెప్పిన సంఘటన. కాని ఇలాంటిది మీలో చాలామందికి చిన్నదో పెద్దదో అనుభవంలోకి వచ్చే ఉంటుంది. ఇంకా 18 శాతం ఉందని చెప్పిన ఫోను మరుక్షణంలో ఎందుకు ఆగిపోయింది? ఫోను అబద్ధం చెప్పిందా? అసలు బాటరీలో ఎంత మిగిలిందో ఫోనుకు ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పోతే ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. తెర మీద కనిపించే ఆ అంకె కొలత కాదు, అంచనా. కొలతకూ అంచనాకూ ఉన్న తేడా ఏమిటో, ఆ అంచనా ఎలా కడతారో, ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

కంటికి కనబడదు, తూకానికి అందదు

కిరసనాయిలు దీపంలో నూనె ఎంత ఉందో గాజుబుడ్డి చూస్తే తెలుస్తుంది. వంటగ్యాసు సిలిండరులో ఏముందో కంటికి కనబడదు. అయినా దాన్ని తూచవచ్చు. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది. మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే గ్యాసు బరువు వస్తుంది. మన ఇళ్లకు వచ్చే సిలిండరు నిండుగా ఉన్నప్పుడు అందులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది.

మరి బాటరీని తూచి చూస్తే? నిండు బాటరీ, ఖాళీ బాటరీ ఒకే బరువు తూగుతాయి! ఎందుకంటే బాటరీలోంచి ఏ పదార్థమూ బయటికి పోదు. ఋణధ్రువం నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు బయలుదేరతాయో, ఫోనులోని వలయమంతా తిరిగి అన్నీ ధనధ్రువానికి చేరుకుంటాయి. లోపల జరిగేది స్థానం మారడమే.

సెల్‌ఫోనులో ఉండేది లిథియం అయాన్ బాటరీ. ఇది 1991లో జపానులోని సోనీ సంస్థ ద్వారా మొదటిసారి బజారులోకి వచ్చింది. దీని వెనుక ఉన్న కృషికిగాను జాన్ గుడ్‌ఎనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ బాటరీలో ఒక పక్క గ్రాఫైటు పొర, మరొక పక్క లిథియం కలిసిన లోహ ఆక్సైడు పొర, రెండింటి మధ్య విద్యుద్విశ్లేష్యం ఉంటాయి. ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడు పొరలోంచి వచ్చి గ్రాఫైటు పొరల మధ్య దూరి కూర్చుంటాయి. ఫోను వాడుతున్నప్పుడు అవే అయాన్లు తిరుగు ప్రయాణం కడతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి వలయం గుండా పోతాయి. అదే మనం వాడుకునే కరెంటు.

కాబట్టి “బాటరీలో ఎంత మిగిలింది?” అంటే “గ్రాఫైటులో ఇంకా ఎన్ని లిథియం అయాన్లు కూర్చుని ఉన్నాయి?” అని అడగడమే. సీలు వేసిన ఆ చిన్న పొట్లంలోకి తొంగిచూసి వాటిని లెక్కించడం ఫోనుకు సాధ్యం కాదు.

వెనుకటి రోజుల్లో పల్లెటూరి ఇళ్లలో ధాన్యం గాదెల్లో పోసేవారు. పైన మూత, అడుగున గింజలు తీసుకోవడానికి చిన్న ద్వారం. మూత తీయకుండా లోపల ఎంత ధాన్యం ఉందో చెప్పాలి. ఎలా? ఫోను ఎదుర్కొనే సమస్య సరిగ్గా ఇదే. ఈ గాదెను గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

తేలే బుడ్డి చెప్పే సాక్ష్యం

అన్ని బాటరీలూ ఇంత గుట్టుగా ఉండవు. ఇన్వర్టరుకు, ట్రాక్టరుకు వాడే సీసపు బాటరీని చూడండి. దీన్ని 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. ఇందులో ఒక పలక సీసం, రెండో పలక సీసపు డయాక్సైడు. రెండూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. బాటరీ పని చేస్తున్నకొద్దీ రెండు పలకలమీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఆమ్లం ఖర్చవుతుంది, నీరు పుడుతుంది. అంటే బాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ లోపలి ద్రవం పలచబడుతుందన్నమాట.

ఉప్పునీటిలో కోడిగుడ్డు తేలడం, మంచినీటిలో మునగడం మీరు చూసే ఉంటారు. అదే సూత్రంతో పనిచేసే హైడ్రోమీటరు అనే తేలే బుడ్డితో ఆ ద్రవం సాపేక్ష సాంద్రత కొలుస్తారు. పూర్తిగా ఛార్జి అయిన బాటరీలో అది సుమారు 1.28 ఉంటుంది. సగం ఖర్చయితే సుమారు 1.20కి, ఇంకా ఖర్చయితే 1.15 కిందికి దిగుతుంది. బాటరీ మెకానిక్కు మూత విప్పి, రబ్బరు బుడ్డితో కాస్త ద్రవాన్ని పైకి పీల్చి చూసేది ఇందుకే. (ఆ ద్రవం చర్మాన్నీ కళ్లనూ కాల్చివేసే ఆమ్లం. ఆ పని మీరు చేయకండి, దూరం నుంచి గమనించండి.)

సెల్‌ఫోను బాటరీలో ఈ ఉపాయం పనికిరాదు. మూత లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అందులో ద్రవం ఖర్చు కాదు. అయాన్లకు దారి మాత్రమే ఇస్తుంది. అది చిక్కబడదు, పలచబడదు. కనుక వేరే సాక్ష్యాలు వెతకాలి. అలాంటివి రెండు ఉన్నాయి.

మొదటి సాక్షి: వోల్టేజి

బాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ దాని వోల్టేజి తగ్గుతుంది. సాధారణ లిథియం అయాన్ ఘటాన్ని కాసేపు ఏ పనీ చేయించకుండా ఉంచి కొలిస్తే దాదాపు ఇలా ఉంటుంది:

నిండుగా ఉన్నప్పుడు – 4.2 వోల్టులు
మూడు వంతులు ఉన్నప్పుడు – సుమారు 3.95 వోల్టులు
సగం ఉన్నప్పుడు – సుమారు 3.8 వోల్టులు
పావు వంతు ఉన్నప్పుడు – సుమారు 3.7 వోల్టులు
దాదాపు ఖాళీ అయినప్పుడు – 3.4 వోల్టులు, ఇంకా తక్కువ

ఇంకేం, వోల్టేజి కొలిచి, పట్టికలో చూసి, శాతం చెప్పేస్తే సరిపోదా? తొలినాటి సెల్‌ఫోన్లు చాలావరకు ఇలాగే చేసేవి. వాటిలో శాతం అంకె ఉండేది కాదు; మూడు నాలుగు గీతలు ఉండేవి. రెండు గీతలున్నాయని ధీమాగా ఉండగానే అవి ఒక్కసారిగా మాయమయ్యేవి. కారణాలు రెండు.

ఒకటి: పట్టికను మళ్లీ చూడండి. మధ్య భాగంలో వోల్టేజి బహు నెమ్మదిగా మారుతుంది. దీన్ని నీళ్ల కుండతో పోల్చవచ్చు. కుండ మెడ దగ్గర ఒక చెంబు నీళ్లు తీస్తే మట్టం చటుక్కున దిగుతుంది. పొట్ట దగ్గర అదే చెంబు తీస్తే మట్టం దిగినట్టే కనబడదు. బాటరీకి కూడా ఇలాంటి పొట్ట ఉంది. 60 శాతం నుంచి 30 శాతానికి వచ్చేలోపల వోల్టేజి సుమారు 0.1 వోల్టు మాత్రమే తగ్గుతుంది. అంటే కొలతలో 0.01 వోల్టు తప్పు దొర్లినా అంచనాలో 3 శాతం తప్పు వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అనే మరో రకం బాటరీలో ఈ పొట్ట ఇంకా పెద్దది. చాలా దూరం వోల్టేజి కదలనట్టే ఉంటుంది.

రెండు: బాటరీ పని చేస్తున్నప్పుడు దాని వోల్టేజి పడిపోతుంది. ప్రతి ఘటానికీ లోపల కొంత అంతర్నిరోధం ఉంటుందని మీరు పాఠ్యపుస్తకంలో చదువుకుంటారు. ఓము సూత్రం ప్రకారం, విద్యుత్ ప్రవాహాన్ని ఆ నిరోధంతో గుణిస్తే వచ్చేంత వోల్టేజి లోపలే ఖర్చయిపోతుంది. అంతర్నిరోధం 0.1 ఓము, ఫోను తీసుకునే కరెంటు 2 ఆంపియర్లు అనుకోండి. లోపల పోయేది 0.1 × 2 = 0.2 వోల్టు. అసలు 3.8 వోల్టులున్న బాటరీ, 3.6 వోల్టులే ఉన్నట్టు కనిపిస్తుంది. పట్టిక చూసి చెబితే సగం నిండిన బాటరీ దాదాపు ఖాళీ అయిందని చెప్పాల్సి వస్తుంది. ఆట ఆపేసి ఫోను పక్కన పెడితే వోల్టేజి మళ్లీ మెల్లగా పైకి వస్తుంది. అప్పుడు ఛార్జి పెట్టకుండానే ఛార్జి పెరిగినట్టు కనిపిస్తుంది!

పరుగెత్తి వచ్చినవాడి నాడి చూసి జ్వరమని తేల్చకూడదు గదా. కూర్చోబెట్టి, ఆయాసం తీరాక చూడాలి. వోల్టేజి కూడా అంతే. బాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు అది చెప్పే మాట నమ్మదగింది. పనిలో ఉన్నప్పుడు చెప్పే మాట పట్టుకుంటే మోసపోతాం.

రెండో సాక్షి: లెక్కల పుస్తకం

ఇప్పుడు గాదె దగ్గరికి వద్దాం. మూత తీయకుండా ధాన్యం ఎంతుందో చెప్పడానికి ఇంటి పెద్దలు ఒక పని చేసేవారు. ఎన్ని కుంచాలు పోశారో, ఎన్ని కుంచాలు తీశారో లెక్క రాసుకునేవారు. పోసినదాంట్లోంచి తీసినది తీసేస్తే మిగిలింది తెలుస్తుంది.

ఫోను కూడా ఇలాంటి జమాఖర్చు రాస్తుంది. బాటరీ దారిలో అతి చిన్న నిరోధకాన్ని ఒకదాన్ని శ్రేణిలో కలుపుతారు. దాని నిరోధం 0.01 ఓము అనుకోండి. దాని గుండా 200 మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతే దాని రెండు కొసల మధ్య 2 మిల్లీ వోల్టుల తేడా ఏర్పడుతుంది. ఒక చిన్న చిప్ ఆ తేడాను కొలిచి, ఎంత కరెంటు ఎంతసేపు పోయిందో విడవకుండా కూడుతూ ఉంటుంది. కరెంటును కాలంతో గుణిస్తే విద్యుదావేశం వస్తుంది. దాని ప్రమాణం కూలుంబు. అందుకే ఈ పద్ధతిని కూలుంబుల లెక్కింపు అంటారు.

బాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్-గంటలు అని రాసి ఉందనుకుందాం. అంటే 5 ఆంపియర్ల కరెంటును ఒక గంటసేపు ఇవ్వగలదు. గంటకు 3600 సెకండ్లు. 5 × 3600 = 18,000 కూలుంబులు. ఇవి ఎన్ని ఎలక్ట్రానులో తెలుసా? 1 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య కంటె కొంచెం ఎక్కువ! వాటిని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. కరెంటునూ కాలాన్నీ గుణించి వాటి మొత్తాన్ని కట్టవచ్చు.

ఇప్పుడు మీరే ఆ చిప్ స్థానంలో కూర్చోండి. ఉదయం 6 గంటలకు బాటరీ నిండుగా ఉంది. తర్వాత:

6 గంటలు ఊరికే జేబులో ఉంది: 6 × 50 = 300
2 గంటలు వీడియో చూశారు: 2 × 400 = 800
అరగంట మాట్లాడారు: 0.5 × 300 = 150
మొత్తం ఖర్చు: 1250 మిల్లీ ఆంపియర్-గంటలు

5000లో 1250 అంటే నాలుగో వంతు. కనుక మిగిలింది 75 శాతం. కుండ పొట్ట సమస్య ఇక్కడ లేదు. పని చేస్తున్నప్పుడు వోల్టేజి పడిపోయినా ఈ లెక్క చెడదు.

అయితే ఈ సాక్షికీ లోపాలు ఉన్నాయి. కుంచం కొలిచే మనిషి ప్రతిసారీ ఒక గుప్పెడు ఎక్కువ తీసి “ఒక కుంచం” అనే రాశాడనుకోండి. ఒక్కరోజుకు అది లెక్కలోకి రాదు. ఏడాది తిరిగేసరికి పుస్తకంలో ధాన్యం ఉంటుంది, గాదెలో ఉండదు. చిప్ కొలతలో ఎప్పుడూ 2 మిల్లీ ఆంపియర్ల తప్పు ఉందనుకుందాం. రోజుకు 24 గంటలు, 2 × 24 = 48. ఇది 5000లో దాదాపు 1 శాతం. పది రోజులు ఎవరూ సరిచూడకపోతే 10 శాతం తప్పు పేరుకుంటుంది. గాదెలో ఎలుకలు తిన్న గింజలు పుస్తకానికి ఎక్కవు. అలాగే వాడకుండా ఉంచినా బాటరీ లోపల తనంతట తానుగా కొద్దికొద్దిగా ఖర్చయ్యే ఛార్జి చిప్ లెక్కకు అందదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి. మిగిలింది ఎంత శాతమో చెప్పాలంటే నిండు గాదెలో ఎంత పడుతుందో ముందు తెలియాలి. ఆ గాదే కుంచించుకుపోతే?

ముసలి బాటరీ

కొన్ని వందల సార్లు ఛార్జి చేసి వాడాక లిథియం బాటరీ పట్టు తగ్గుతుంది. కొంత లిథియం గ్రాఫైటు మీద ఏర్పడే పొరలో చిక్కుకుపోయి మళ్లీ రాకపోకలకు పనికిరాదు. గాదె అడుగున తడి తగిలి గడ్డకట్టిన ధాన్యం లాంటిది అది: చోటు ఆక్రమిస్తుంది, వాడకానికి రాదు. ఎండలోనూ వేడిగా ఉన్న చోట్లా నిండు ఛార్జితో ఉంచితే ఈ ముసలితనం ఇంకా తొందరగా వస్తుంది.

ఇక లెక్క చూడండి. కొత్తలో 5000 పట్టిన బాటరీలో ఇప్పుడు 4100 మాత్రమే పడుతోంది. ఆ సంగతి చిప్‌కు తెలియదు. అది పాత 5000 నుంచే తీసివేస్తూ వచ్చింది. 4100 ఖర్చయ్యాక పుస్తకం ప్రకారం మిగిలింది 900. అంటే 18 శాతం! కాని గాదె అప్పటికే ఖాళీ.

మన కథలోని 18 శాతం గుర్తుకు వచ్చిందా? అక్కడ జరిగింది ఇదే కావచ్చు. మరొకటి కూడా కావచ్చు. ముసలి బాటరీలో అంతర్నిరోధం పెరుగుతుంది. అది 0.3 ఓముకు పెరిగిందనుకోండి. ఫోను చేస్తున్నారు, తెర వెలుగుతోంది, సిగ్నలు అందనిచోట ఫోను గట్టిగా ప్రసారం చేస్తోంది. ఒక్క క్షణం 2 ఆంపియర్లు కావలసివచ్చింది. 0.3 × 2 = 0.6 వోల్టు లోపలే పోయింది. 3.7 వోల్టులున్న బాటరీ నుంచి ఫోనుకు అందింది 3.1 వోల్టులే. అది చాలక ఫోను ఆగిపోయింది. ఈసారి గాదెలో గింజలు నిజంగానే ఉన్నాయి. కాని అడుగున ఉన్న ద్వారం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పిడికెడు పిడికెడుగా అయితే వస్తాయి. కుంచం నిండా ఒక్కసారిగా కావాలంటే రావు. చలి కూడా ఇలాగే ద్వారాన్ని బిగిస్తుంది. బాటరీ చల్లబడితే అంతర్నిరోధం పెరుగుతుంది.

కనుక ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు: “ఎంత మిగిలింది?”, “అడిగినప్పుడు ఎంత జోరుగా ఇవ్వగలదు?” శాతం అంకె మొదటి ప్రశ్నకు జవాబు. రెండో ప్రశ్న గురించి అది ఏమీ చెప్పదు.

ఇది పెద్ద పెద్ద సంస్థలకూ తలనొప్పి తెచ్చిన విషయం. పాత ఐఫోన్లు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండేందుకు, బాటరీ ముసలిదైనప్పుడు ఫోను వేగాన్ని తగ్గించే ఏర్పాటు తాము చేసినట్టు ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో ఒప్పుకున్నది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడగకుండా చేయడమే ఆ ఏర్పాటులోని ఉద్దేశం. ముందుగా చెప్పలేదని కొన్నవారు ఆగ్రహించారు. ఆ సంస్థ బాటరీ మార్పిడి ధర తగ్గించి, బాటరీ ఆరోగ్యం చూపే ఏర్పాటును ఫోనులో చేర్చింది.

ఇద్దరు సాక్షుల్నీ కలిపి విచారిస్తే

ఒక సాక్షి వోల్టేజి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిజం చెబుతుంది. పనిలో ఉన్నప్పుడు తడబడుతుంది. రెండో సాక్షి లెక్కల పుస్తకం. గంట గంటకూ చక్కగా చెబుతుంది. రోజులు గడిచేకొద్దీ దారి తప్పుతుంది. ఒకరి బలహీనత ఉన్నచోట మరొకరి బలం ఉంది. మరి ఇద్దరి మాటా కలిపి వింటే?

ఈనాటి ఫోన్లు చేసేది అదే. వాడుతున్నంతసేపూ కూలుంబుల లెక్క నమ్ముతాయి. ఫోను చాలాసేపు కదలకుండా ఉన్నప్పుడు విశ్రాంతి వోల్టేజి చూసి పుస్తకంలోని అంకెను సరిదిద్దుతాయి. గాదె మూత అప్పుడప్పుడు తీసి చూసి, పుస్తకాన్ని సరిచేసుకోవడం లాంటిది ఇది. బాటరీ బాగా తగ్గి, మళ్లీ పూర్తిగా నిండినప్పుడు మొత్తం ఎంత పట్టిందో చూసి, గాదె కొత్త పరిమాణాన్ని కూడా నేర్చుకుంటాయి. చాలా పరికరాలు బాటరీ ఉష్ణోగ్రతనూ చూసి లెక్క సవరిస్తాయి.

నమ్మకం పూర్తిగా లేని రెండు సమాచారాల్ని, దేనికి ఎంత విలువ ఇవ్వాలో చూసి, ఒకటిగా కలిపే గణిత పద్ధతిని హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రచురించాడు. దాన్ని కాల్మన్ ఫిల్టరు అంటారు. చంద్రుని వద్దకు వెళ్లిన అపోలో నౌకల స్థానాన్ని, వేగాన్ని అంచనా కట్టడానికి ఈ పద్ధతిని వాడారు. ఆ పద్ధతే ఈనాడు ఎన్నో బాటరీల్లో, ముఖ్యంగా విద్యుత్ వాహనాల బాటరీల్లో, మిగిలిన ఛార్జిని అంచనా కట్టడానికి ఉపయోగపడుతోంది.

మీరే చేసి చూడండి

పాఠశాల ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు, 4.7 ఓముల, 1 వాటు నిరోధకం, ఒక కొత్త 1.5 వోల్టుల టార్చి సెల్లు, టార్చిలో వాడి పారేసిన పాత సెల్లు ఒకటి తీసుకోండి. సెల్‌ఫోను బాటరీతో మాత్రం ఈ ప్రయోగం చేయరాదు. దాన్ని విప్పడం, గుచ్చడం, ధ్రువాలు కలపడం ప్రమాదం, మంటలు చెలరేగవచ్చు.

1. ముందు సెల్లును ఒంటరిగా ఉంచి వోల్టేజి కొలవండి. దీన్ని E అనుకోండి.
2. నిరోధకాన్ని సెల్లు కొసలకు కలిపి, ఐదు సెకండ్లలో వోల్టేజి చూసి విడదీయండి. ఇది V.
3. కరెంటు I = V ÷ 4.7.
4. అంతర్నిరోధం = (E – V) ÷ I.

కొత్త సెల్లుకు E = 1.50, V = 1.41 వచ్చిందనుకోండి. కరెంటు 0.30 ఆంపియరు. అంతర్నిరోధం 0.09 ÷ 0.30 = 0.3 ఓము. పాత సెల్లుకు E = 1.30, V = 0.94 వచ్చిందనుకోండి. కరెంటు 0.20 ఆంపియరు. అంతర్నిరోధం 0.36 ÷ 0.20 = 1.8 ఓములు, కొత్తదానికి ఆరు రెట్లు!

ఒంటరిగా కొలిచినప్పుడు 1.30 వోల్టులు చూపి “ఇంకా బాగానే ఉన్నాను” అన్న సెల్లు, పని చెప్పగానే చతికిలబడింది. సెల్లును పని చేయించి చూడకుండా అది పనికొస్తుందో లేదో తేల్చరాదని దీనివల్ల తెలుస్తుంది. ఇప్పుడు ఆ పాత సెల్లునే గోడగడియారంలో వేసి చూడండి. చాలాసార్లు అది వారాల తరబడి నడుస్తుంది. గడియారం అడిగేది అతి స్వల్పమైన కరెంటు కనుక, బిగిసిన ద్వారంలోంచి వచ్చే పిడికెడు గింజలే దానికి చాలు.

ఇంట్లో మరో పని చేయవచ్చు. పెద్దల ఫోను తీసుకుని, రాత్రి నుంచి ఉదయం వరకు వాడకుండా ఉంచినప్పుడు ఎంత శాతం తగ్గిందో, పదిహేను నిముషాలకోసారి రాసుకుంటూ గంటసేపు వీడియో చూస్తే ఎంత తగ్గిందో పట్టిక వేయండి. గీటుల కాగితం మీద కాలం అడ్డంగా, శాతం నిలువుగా గీయండి. గీత సాఫీగా దిగిందా, ఎక్కడైనా మెట్టులా చటుక్కున పడిందా గమనించండి. మెట్టు కనిపించిందంటే, ఫోను తన లెక్కను అక్కడ సరిదిద్దుకున్నదని ఊహించవచ్చు.

ఇంతకూ ఏం చేయాలి?

ఫోను కొత్తదైతే దాని అంచనా చాలావరకు సరిగానే ఉంటుంది. పాతబడ్డాక చివరి 20 శాతాన్ని నమ్మి ముఖ్యమైన పని పెట్టుకోకండి. ఇంట్లో పెద్దవారికో, పసివారికో బాగాలేనప్పుడు, రాత్రి ప్రయాణం ఉన్నప్పుడు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముందే నిండుగా ఛార్జి చేసి ఉంచండి. తప్పనిసరిగా తక్కువ ఛార్జితో ఫోను చేయవలసి వస్తే తెర వెలుగు తగ్గించి, మిగతా పనులన్నీ ఆపేసి చేయండి. బాటరీని అడిగే కరెంటు తగ్గితే లోపల పోయే వోల్టేజీ తగ్గుతుంది. మాట కలవగానే ముందు మీ చిరునామా చెప్పండి. తక్కిన వివరాలు తరువాత.

అంకెలు దారి తప్పినట్టు తోస్తే ఒకసారి బాటరీని బాగా తగ్గనిచ్చి, ఆపకుండా పూర్తిగా నింపండి. దీనివల్ల బాటరీకి బలం రాదు, చిప్ లెక్క మాత్రం సరిపడుతుంది. మాటిమాటికీ ఇలా చేయడం బాటరీకి మంచిది కాదు. ఫోను ఉబ్బినా, అతిగా వేడెక్కినా వాడటం ఆపి పెద్దలకు చూపించండి.

తెర మీద అంకె కనిపించగానే అది సత్యమని నమ్మడం మనకు అలవాటు. కాని శాస్త్రం చదువుకునే విద్యార్థి ఇంకో ప్రశ్న కూడా వేయాలి: “ఈ అంకె ఎలా వచ్చింది? దేన్ని కొలిచారు, దేన్ని ఊహించారు?” వానరాక చెప్పే అంకె దగ్గర, పంట దిగుబడి చెప్పే అంకె దగ్గర కూడా ఆ ప్రశ్న పనికొస్తుంది.

ఆలోచించండి

1. 4000 మిల్లీ ఆంపియర్-గంటల బాటరీలో ఎన్ని కూలుంబులు ఉంటాయి?
2. ఆ బాటరీ పట్టు 3200కు తగ్గింది. చిప్ ఇంకా 4000 అనే లెక్కిస్తోంది. ఫోను ఆగిపోయేటప్పుడు తెర మీద ఎంత శాతం కనిపిస్తుంది?
3. ఆగిపోయిన ఫోను కాసేపటికి ఛార్జరు లేకుండానే వెలిగి మరికొంతసేపు పనిచేసింది. గాదె ఖాళీ అయిందా, ద్వారం బిగిసిందా? మీ జవాబుకు కారణం చెప్పండి.

(జవాబులు: 1. 14,400 కూలుంబులు. 2. 20 శాతం. మూడో ప్రశ్నకు జవాబు మీరే రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.)